కాంటా లేని సరుకు

మా ఇంట్లో టీవీ వెనక గోడకు ఒక తెల్ల డబ్బా ఉంది. దాని నుదుటి మీద వరసగా చిన్న చిన్న దీపాలు. అవి పచ్చగా మిణుకుతుంటే ఇల్లు సల్లగా ఉన్నట్టు. వాటిలో ఒకదాని కింద ఎల్, ఓ, ఎస్ అని మూడు ఇంగ్లిషు అక్షరాలుంటాయి. తీగలో వెలుతురు రావడం లేదని చెప్పే దీపం అది. మా మంచిర్యాలలో అందరూ దాన్ని 'లాస్ లైటు' అంటారు. తయారుచేసినవాడు ఏ అర్థంతో ఆ అక్షరాలు రాశాడోగాని, మా చెవికి మాత్రం అది నష్టం అనే వినబడుతుంది. ఎవరి నష్టం అన్నదొక్కటే తేలాలి.

మొన్న ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి అది ఎర్రబడింది. లైన్ చూసే పిల్లగాడికి ఫోన్ చేశాను.

"తమ్మీ, లాస్ లైటు ఎర్రగ వస్తున్నది."

"ఒకసారి డబ్బా బంద్ జేసి మళ్ల పెట్టుండ్రి సార్."

"నాలుగుసార్లు పెట్టిన."

"అయితే మెయిన్ లైన్ కట్టయింది సార్. గంటల వస్తది."

ఆ గంట మూడో రోజు సాయంత్రం కొట్టింది. నేను ఆరు నెలల డబ్బు ముందే కట్టినవాణ్ణి. నెలకు 499 అని చెప్పి, 18 శాతం జీఎస్టీ కలిపి 588 రూపాయల 82 పైసల లెక్కన గుంజుకున్నారు. ఆ పైసలు కూడా వదల్లేదు. సరే, మూడు రోజులు పోయాయి కదా, గడువు మూడు రోజులు పొడిగించమని ఆఫీసులో అడిగాను. కౌంటర్ వెనకున్నాయన నన్ను బిచ్చగాణ్ణి చూసినట్టు చూసి నవ్వాడు. "మూడు రోజులకు ఏం లెక్క సార్?" అన్నాడు.

ఆ ముక్కే నాతో ఈ వ్యాసం రాయిస్తున్నది. ఏం లెక్కో చెప్తాను. రోజుకు 19 రూపాయల 63 పైసలు, మూడు రోజులకు సుమారు 59. నేను ఒక్కరోజు ఆలస్యంగా కడితే మీ కంప్యూటర్ అర్ధరాత్రి పన్నెండు దాటిన మరుక్షణం నా కనెక్షన్ పీక్కుంటుంది. అప్పుడు దానికి ఒక్క రోజు ఎంతో, ఒక్క నిమిషం ఎంతో బాగా తెలుసు. నాకు తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి మూడు రోజులకు కూడా లెక్క రాదు. తీసుకునేటప్పుడు వచ్చిన లెక్క ఇచ్చేటప్పుడు ఎట్లా మరిచిపోతారు?

మేం బొగ్గు ఊళ్ల మనుషులం. సరుకు అంటే తూకం ఉండాలని మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. శ్రీరాంపూర్ పోండి, మందమర్రి పోండి, నది దాటి గోదావరిఖని పోండి. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఖాళీ తూకం, బయటికి పోయేటప్పుడు నిండు తూకం. కాంటా ఎక్కకుండా ఒక్క బండి గేటు దాటదు. అది బరువు సంగతి. నాణ్యత సంగతి ఇంకా గట్టిది. 2012 జనవరి 1 నుంచి మన దేశంలో బొగ్గు ధరను దానిలోని వేడిని బట్టి కడుతున్నారు. జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లు. కిలోకు 7,000 కిలోకేలరీలు దాటితే జీ1. అక్కడి నుంచి 300 చొప్పున ఒక్కో మెట్టు దిగుతుంది. 4,301 వస్తే జీ10, 4,300కు పడితే జీ11. ఆ ఒక్క కిలోకేలరీ దగ్గర రెండు పెద్ద సంస్థల ఆఫీసర్లు బల్లలు గుద్ది కొట్లాడుకుంటారు.

శాంపిల్ తీయడం ఎప్పుడైనా చూశారా? బొగ్గును దంచుతారు, శంఖంలా కుప్ప పోస్తారు, పైనుంచి నొక్కి చదును చేస్తారు, నాలుగు ముక్కలు చేస్తారు. ఎదురెదురు ముక్కలు రెండు ఉంచి మిగతా రెండూ తీసేస్తారు. ఉన్నదాన్ని మళ్లీ కుప్ప పోసి మళ్లీ నాలుగు చేస్తారు. గుప్పెడు మిగిలేదాకా ఇదే పని. ఆ గుప్పెడులో కుప్ప మొత్తం గుణం ఉండాలని ఇంత తతంగం. చివరికి సీలు వేసిన పొట్లాలు. తగవు వస్తే చూడటానికి విడిగా ఒక రెఫరీ శాంపిల్. మధ్యలో అమ్మేవాడికీ కొనేవాడికీ చెందని మూడో సంస్థ. చెప్పిన గ్రేడు కంటే తక్కువ తేలితే ఆ తేడా మేరకు డబ్బు కొన్నవాడి ఖాతాలోకి వెళ్తుంది. 1920లో కంపెనీగా రిజిస్టరై, ఇవాళ రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి ఆ పరీక్షకు తలవంచుతుంది. మా బాయిదొర (గనిని మేం బాయి అంటాం) ఎంత దొరైనా కాంటా ముందు దొర కాదు.

మరి నా ఇంటి గోడకున్న డబ్బాలోంచి వచ్చే సరుకును ఎవడు తూచాడు? ఎక్కడ శాంపిల్ తీశాడు? రెఫరీ ఎవడు?

బొగ్గు కొనేది ఎన్టీపీసీ లాంటి సంస్థ. ఇంటర్నెట్ కొనేది నేను, మీరు, ఎదురింటి టైలర్. కాంటా ఎవరికుందో, ఎవరికి లేదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

ఈ వ్యాపారం మొత్తం ఒక చిన్న తెలుగు మాట మీద నిలబడి ఉంది. 'వరకు'. వంద ఎంబీపీఎస్ వరకు. రెండొందల ఎంబీపీఎస్ వరకు. పాంప్లెట్ మీద వంద అన్నది బొటనవేలంత, 'వరకు' అన్నది చీమ తలకాయంత. కిలో వరకు చక్కెర ఇస్తానని కిరాణం షావుకారి అంటే మీరు కొంటారా? బండిలో లీటరు వరకు పోస్తానని పెట్రోల్ బంకువాడు అంటే ఊరుకుంటారా? తూనికలు కొలతల శాఖవాళ్లు బంకుల దగ్గరికి వచ్చి కొలపాత్ర పెట్టి చూస్తారు. నా డబ్బా దగ్గరికి ఏ శాఖా రాదు.

పైగా ఇందులో ఇంకో కనికట్టు. వాళ్లు చెప్పే వంద బిట్లలో ఉంటుంది, మన ఫోనులో సినిమా దిగేటప్పుడు కనబడేది బైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే వంద మొత్తం వచ్చినా మీ కంటికి కనబడేది పన్నెండున్నరే. ఇది మోసం కాదు, సాంకేతిక పద్ధతి అంటారు. కావచ్చు. కానీ అమ్మేటప్పుడు పెద్ద అంకె వచ్చే కొలతే ఎందుకు ఎంచుకున్నారో అడిగే హక్కు నాకుంది.

మరి వంద నిజంగా వస్తుందా? తీగ కథ చెప్తాను, ఓపిగ్గా వినండి. ఆపరేటర్ ఆఫీసులో ఒక యంత్రం ఉంటుంది, దాన్ని ఓఎల్‌టీ అంటారు. దానిలోంచి ఒక్క గాజు పోగు బయల్దేరి మీ వీధి దాకా వస్తుంది. స్తంభం మీద నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో స్ప్లిటర్ అనే పరికరం ఆ ఒక్క వెలుతురును ఎనిమిదిగా, పదహారుగా, కొన్నిచోట్ల అరవై నాలుగుగా చీలుస్తుంది. మన దగ్గర ఎక్కువగా నడిచే జీపాన్ పద్ధతిలో ఆ పోగుకు ఇళ్ల వైపు పంపే సామర్థ్యం సుమారు 2,488 ఎంబీపీఎస్. అరవై నాలుగు ఇళ్లకు తలా వంద అమ్మితే అమ్మింది 6,400. ఉన్నది 2,488. అందరూ ఒకేసారి కూర్చుంటే తలకు ముప్పై తొమ్మిది కూడా రాదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. అందరూ ఒకేసారి కూర్చోరు. ఇది షేర్ ఆటో లాంటి వ్యాపారం, పంచుకోబట్టే మనకు చవగ్గా దొరుకుతుంది. పంచుకోవడం మీద నాకు కోపం లేదు. ఎంతమందికి పంచారో చెప్పకపోవడం మీద నా కోపం. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఎంతమంది కూర్చున్నారో కనీసం కళ్లకు కనబడుతుంది. ఇక్కడ నా తీగ మీద పదహారు మందా, అరవై నాలుగు మందా? ఆపరేటర్ పైనుంచి కొన్న దారి ఎంత, దాని మీద ఎక్కించిన ఇళ్లెన్ని? వెయ్యి ఇళ్లున్నవాడు పైనుంచి ఒక్క గిగా, అంటే వెయ్యి ఎంబీపీఎస్ మాత్రమే కొన్నాడనుకోండి. రాత్రి ఎనిమిదికి అందరూ కూర్చుంటే లెక్క ఇంటికి ఒక్క ఎంబీపీఎస్‌కు దిగుతుంది. ఆ రెండు అంకెలు ఏ బిల్లు మీదా ఉండవు. అసలు బిల్లు ఇచ్చేవాళ్లెంతమంది? నాకు వచ్చిన రసీదు ఒక ఫోన్‌పే స్క్రీన్ షాట్, "థ్యాంక్యూ సార్" అని ఒక మెసేజ్.

చట్టం ఏమంటుంది అంటారా. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చింది. 2 ఎంబీపీఎస్ వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉండేది, 2004లో మొదలుపెట్టినప్పుడు 256. వంద అని కొన్నవాడి చేతికి మూడు వచ్చినా, నిర్వచనం ప్రకారం వాడు బ్రాడ్‌బ్యాండ్ భాగ్యవంతుడే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో కొత్త నాణ్యతా నిబంధనలు తెచ్చింది, అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తీగ కనెక్షన్ చెడిపోయి మూడు రోజులు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలన్నది అందులో ఉంది. మూడు రోజులు దాటితే! మా వీధి లైను మూడో రోజు సాయంత్రమే ఎందుకు లేచి కూర్చుందో ఆ నిబంధన చదివాక నాకు అర్థమైనట్టే అనిపించింది. కాకతాళీయమే కావచ్చు. నా అనుమానం నాది.

ఇది లోకంలో ఎక్కడా కుదరని కోరిక కాదు. బ్రిటన్‌లో 2018 మే నుంచి ప్రకటనల్లో వేగం చెప్పాలంటే రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కనీసం సగం మంది వినియోగదారులకు వచ్చే వేగమే చెప్పాలి. అంతకుముందు పదిశాతం మందికి వస్తే చాలు, దాన్నే 'వరకు' అని ఊదరగొట్టేవారు. 2019 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పరిహార పథకం నడుస్తున్నది. అందులో చేరిన కంపెనీలు రెండు పనిదినాల్లో లైను బాగుచేయకపోతే ఆ తర్వాత రోజుకు ఎనిమిది పౌండ్ల లెక్కన మొదలుపెట్టాయి. వినియోగదారుడు అడగక్కర్లేదు, దానంతటదే బిల్లులో తగ్గుతుంది. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి బిస్కెట్ పొట్లం వెనక ఉండే పట్టిక లాంటిది ప్రతి ఇంటర్నెట్ ప్లాన్‌కూ పెట్టించారు. అసలు ధర ఇంత, అదనపు ఫీజుల వాత ఇంత, మామూలుగా వచ్చే వేగం ఇంత. అక్కడి కంపెనీలు దివాలా తీయలేదు.

ఇక్కడొక మాట. నేను కేబుల్ పిల్లగాణ్ణి తిట్టడానికి కూర్చోలేదు. ఎండలో నిచ్చెన భుజాన వేసుకుని తిరిగే ఆ పిల్లగాడు ఈ గొలుసులో అందరికంటే కింది కొసన ఉన్నాడు. పైనుంచి అమ్మే కంపెనీ తన వాటా తీసుకుంటుంది, ఫ్రాంచైజీ తన వాటా, మిగిలినదాంట్లో తీగ, కరెంటు, స్తంభం, జీతాలు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి మనుషులు పోయారు. ఆ వెంటనే కరెంటు సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించుకుంటూ పోయింది, వేల ఇళ్లకు నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఏళ్లకేళ్లు స్తంభాల మీద ఆ తీగల అడవి పెరుగుతుంటే చూసిన అధికారులు, శవాలు లేచాక కత్తెర పట్టుకున్నారు. తెగిన తీగలకు డబ్బు కట్టిన మనిషిని మాత్రం ఎవరూ తలచుకోలేదు. మా దగ్గరా స్తంభాలు అట్లాగే ఉన్నాయి. బస్టాండు దారిలో తలెత్తి చూడండి, మంచె మీద తీగెలు పాకినట్టుంటుంది.

తీగ ఖరీదైందనేవాళ్లకు ఇంకో మాట. మనం చూసే వీడియోల్లో చాలాభాగం సముద్రం దాటి రావడం లేదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు తమ సరుకు నిల్వ చేసే సర్వర్లను అర్హత ఉన్న ఇంటర్నెట్ కంపెనీలకు ఉచితంగానే ఇస్తాయి. నిన్న పదిమంది చూసిన పాట ఆ పెట్టెలోనే ఉంటుంది, పదకొండోవాడికి అక్కడి నుంచే వస్తుంది. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే మార్చుకోవడానికి నిక్సి అనే సంస్థ 2003 నుంచి ఉంది, హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది. రైల్వేవారి రైల్‌టెల్ సంస్థ దేశమంతటా పట్టాల వెంట ఫైబర్ పరిచింది. మన స్టేషన్ ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది. అంటే ఇంటర్నెట్ మా ఊరికి రాలేక కాదు, మా ఊరి గుండా రోజూ పోతూనే ఉంది.

ఇక జేబులో ఉన్న ఇంటర్నెట్ సంగతి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అప్పటిదాకా ఒక జీబీకి దాదాపు 250 రూపాయలు పిండిన కంపెనీలు రాత్రికి రాత్రి దారికొచ్చాయి. ఆ మేలు మరవను. 2017 మార్చి చివరిదాకా ఉచితంగా పోశారు, మేం కూడా దోసిళ్లు పట్టాం. ఎదురు నిలవలేని కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఉన్నవాటిలో రెండు 2018 ఆగస్టులో కలిసిపోయాయి. చివరికి మిగిలింది ముగ్గురు ప్రైవేటువాళ్లు, ఒక బీఎస్ఎన్ఎల్. ఆ తర్వాత తేదీలు చూడండి. 2019 డిసెంబర్ మొదటివారంలో ముగ్గురూ పెంచారు. 2021లో నవంబర్ 25న ఒకరు, 26న ఒకరు, డిసెంబర్ 1న ఇంకొకరు. 2024 జులై 3న ఇద్దరు, 4న మూడోవారు. వాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకున్నారని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. మా బజార్లో కూరగాయలమ్మే నలుగురు ఆడవాళ్లు కూడా టమాట ధర ఒకేరోజు ఇంత పద్ధతిగా పెంచలేరు, అంతవరకే అంటాను.

ట్రాయ్ ఏంచేస్తుంది? ధర కంపెనీ ఇష్టం, పెట్టాక మాకు తెలియజేస్తే చాలు అంటుంది. పోటీ ఉన్నప్పుడు ఆ మాట చెల్లుతుంది. ఇవాళ నలుగురు అమ్మేవాళ్లలో ఒకటి పూర్తిగా ప్రభుత్వానిది, ఇంకోదాంట్లో 2025 నుంచి దాదాపు 49 శాతం ప్రభుత్వానిదే. ధర పెరిగితే ప్రతి రీఛార్జి మీద 18 శాతం పన్ను ఎటూ ప్రభుత్వానిదే. కాపలాదారుడికి దుకాణంలో వాటా ఉంటే గిరాకీ ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఇరవై ఎనిమిది రోజుల నెలను కనిపెట్టినవాడికి గణితంలో ఏదైనా పెద్ద బహుమతి ఇవ్వాలి. బాయిల పనిచేసే మనిషికి జీతం ఏడాదికి పన్నెండుసార్లు వస్తుంది. రీఛార్జి పదమూడుసార్లు చేయించుకుంటారు. 299 ప్లాన్ అయితే ఏడాదికి 3,887 రూపాయలు. నెలకొకసారి అయితే 3,588 అయ్యేది. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే 15,548. ట్రాయ్ 2022 జనవరిలో కనీసం ఒక్కటైనా ముప్పై రోజుల ప్లాన్ పెట్టండి, ప్రతినెలా అదే తేదీకి వచ్చేది ఒకటి పెట్టండి అని ఆదేశించింది. పెట్టారు, మారుమూల ఎక్కడో. యాప్ తెరవగానే ఎదురయ్యేది ఇప్పటికీ ఇరవై ఎనిమిదే. 2025 ఆగస్టులో రోజుకు ఒక జీబీ ఇచ్చే 249 ప్లాన్‌ను జియో, ఎయిర్‌టెల్ రెండూ కొద్దిరోజుల తేడాతో తమ యాప్‌ల నుంచి తీసేశాయి. తక్కువ చాలనుకునేవాడికి తక్కువ కొనుక్కునే దారే మూసేశారు.

వీళ్ల లెక్కలు వీళ్ల నోటితోనే ఎట్లా బయటపడ్డాయో చెప్తాను, నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. ఇంటర్నెట్ అక్కర్లేని ముసలివాళ్లకు మాటలకు, మెసేజీలకు మాత్రమే ప్లాన్ పెట్టండని 2024 డిసెంబర్ 23న ట్రాయ్ నిబంధన తెచ్చింది. అప్పటికి జియోలో 84 రోజులకు 479 రూపాయల ప్లాన్ ఉండేది, అందులో 6 జీబీ డేటా వచ్చేది. నిబంధన వచ్చాక ఆ డేటా తీసేసి 458 అన్నారు. జనం ముక్కున వేలేసుకున్నాక 448 చేశారు. అంటే వాళ్ల లెక్క ప్రకారం 6 జీబీ విలువ 31 రూపాయలు. జీబీకి అయిదు రూపాయల చిల్లర. మరి రోజు కోటా అయిపోయిందని ఒక్క జీబీ అదనంగా అడిగితే 19 రూపాయలు ఎందుకు? ముసలమ్మకు తగ్గించాల్సినప్పుడు అయిదు, పిల్లగాడికి అమ్మాల్సినప్పుడు పందొమ్మిది. ఇంతటి ఊగే కాంటా మా అంగడిలో పెట్టుకుంటే జనం తన్ని తరిమేవాళ్లు.

నెట్ విలాసవస్తువు కదా, ఇష్టముంటే కొనుక్కోండి అనే పెద్దమనుషులు మా వీధికి ఒకసారి రావాలి. మా వెనకింటి మామ సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయాడు. బొగ్గుగని భవిష్యనిధి వాళ్లు ఇచ్చే పింఛను మీద బతుకుతున్నాడు. ఆ పింఛను ఆగకుండా ఉండాలంటే ఏటా నవంబర్‌లో తాను బతికే ఉన్నానని రుజువు చూపాలి. ఒకప్పుడు కాగితం మీద సంతకంతో పోయేది. ఇప్పుడు ఫోను ముందు మొహం పెట్టి కళ్లు ఆర్పాలి. పోయినసారి మా వరండాలో కూర్చుని ఆ పని చేశాం. ఆయన కళ్లార్పాడు. తెర మీద చక్రం తిరిగింది. మళ్లీ ఆర్పాడు, మళ్లీ తిరిగింది. ఏడోసారికి మామ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "బాయిల మూడు పైకప్పులు కూలితే సావలేదు బిడ్డా, ఈ డబ్బా నన్ను సంపేటట్టున్నది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పిల్లల ఎప్‌సెట్ దరఖాస్తు ఇంటర్నెట్‌లో, డిగ్రీ సీటు దోస్త్‌లో, కరెంటు బిల్లు ఫోనులో, గ్యాస్ బుకింగూ అక్కడే. అన్నిటినీ అక్కడికి నెట్టిన ప్రభుత్వం, ఆ దారికి టోలు వసూలు చేసేవాడిని మాత్రం వాడి ఇష్టానికి వదిలేసింది.

ప్రభుత్వమే అమ్మితే బాగుపడుతుందా? చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఫైబర్‌నెట్ మొదలైంది. 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను అన్నారు. ఆ ధర తర్వాత పెరుగుతూ పోయింది, సంస్థ చుట్టూ కేసులు ముసిరాయి. మన తెలంగాణ 2015లో టీ-ఫైబర్ పెట్టుకుంది. మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా వేయాలన్నది ఆలోచన. మంచి ఆలోచన, ఒక్క గుంతకు రెండు పనులు. ఆ గుంతలు పూడ్చి ఎన్నేళ్లయింది? 2024 డిసెంబర్ 8న గాని ప్రయోగాత్మకంగా నాలుగు ఊళ్లలో వెలగలేదు. అందులో ఒకటి గోదావరి అవతల, పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం అడవి శ్రీరాంపూర్. నెలకు 300 రూపాయలకు 20 ఎంబీపీఎస్ అన్నారు. ఆ ఊరివాళ్లను చూసి నాకు అసూయ లేదు, సంతోషమే. జన్నారానికి ఎప్పుడు, కోటపల్లికి ఎప్పుడు, వేమనపల్లికి ఎప్పుడు అన్న తేదీ చెప్పండి. తొమ్మిదేళ్లకు నాలుగు ఊళ్ల లెక్కన నడిస్తే ప్రాణహిత దాకా రావడానికి మా మనవలకు పెళ్లీడు వస్తుంది.

నాకు ఉచితం వద్దు. ఉచితం ఏంచేస్తుందో 2016లో చూశాం. నాకు కావలసింది కాంటా. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య వచ్చే వేగం పాంప్లెట్ మీద పెద్దక్షరాల్లో రాయాలి. ఒక్క పోగును ఎన్ని ఇళ్లకు చీల్చారో, పైనుంచి ఎంత కొన్నారో బిల్లు మీద ఉండాలి. లైను తెగిన మొదటి రోజు నుంచే ఆ రోజు డబ్బు, అడగకుండానే, తిరిగి రావాలి. కొలిచేది కంపెనీ కాదు, బొగ్గు శాంపిల్ తీసినట్టు మూడో మనిషి కొలవాలి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్లు వినొచ్చని తేల్చేసింది. అయిదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు రాసుకుంటారు. ఫిర్యాదు నంబరు తీసుకోవడం మరవకండి, నంబరు లేని కంప్లైంటు గాలిలో కలిసిన మాట.

యాభై తొమ్మిది రూపాయలకు కమిషన్ మెట్లు ఎవరు ఎక్కుతారు అని కదా ఆ కౌంటర్ వెనకాయన ధీమా. నిజమే, ఒక్కణ్ణే అయితే ఎక్కను. అందుకే ఒక పాత నోటుబుక్కు తీసి డబ్బా పక్కన మేకుకు వేలాడదీశాను. రోజూ రాత్రి తొమ్మిదికి వచ్చిన వేగం, లాస్ లైటు ఎర్రబడిన రోజు, మళ్లీ ఆరిన గంట రాస్తున్నాను. ఇప్పటికి పందొమ్మిది రాత్రుల లెక్క ఉంది. వందకు దగ్గరగా వచ్చినవి రెండు. మామ కూడా ఒకటి మొదలుపెట్టాడు, ఆయన అక్షరాలు నా వాటికంటే గుండ్రంగా ఉన్నాయి.

మీరూ ఒకటి వేలాడదీయండి. నెల నిండాక పుస్తకాలన్నీ పట్టుకుని వెళ్దాం. నస్పూర్ కలెక్టరేట్‌లో ప్రజావాణి సోమవారం జరుగుతుంది.